ఘంటసాలకు గురువు దొరికిన విధము

చదువరులారా, పట్టిసీమ రేవులో పడవకొరకు నిలుచున్నవారు సయితము ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పాట వినియే యుందురు. ఆ కంఠమునకు శిక్షణ యెట్లు దొరికెనో కొందరికే తెలియును.

ఆయన 1922 డిసెంబరు 4న కృష్ణాజిల్లా చౌటపల్లిలో జన్మించిరి. తండ్రి సూరయ్యగారు తరంగములు పాడుచు కుమారుని భుజముపై నెక్కించుకొని తిరిగెడివారు. పిల్లవాని బాల్యముననే తండ్రి కన్నుమూసిరి. వీడు సంగీతము నేర్వవలెనన్నదే వారి కడపటి కోరిక. బాలుడు చేతి ఉంగరమమ్మి విజయనగరము చేరెను. తీరా చూడగా సంగీత కళాశాలకు వేసవి సెలవులు!

అక్కడి అధ్యాపకులు పట్రాయని సీతారామశాస్త్రిగారు ధనవంతులు కారు. అయినను జీతము పుచ్చుకొనక ఇంటనే పాఠము చెప్పిరి. అన్నమునకు మాత్రము బాలుడు జోలె పట్టి ఇంటింటికి తిరుగవలసెను, దీనినే మధుకరమందురు. మానముగల పిల్లవానికి మొదటి యింటి ముంగిట నోరు పెగలుట సులభమా? జోలెతో తిరిగి వచ్చి, మరల శ్రుతి కలిపి కూర్చుండెను. పిమ్మట కళాశాలలోనే చదువు ముగించెను.

1942 ఉద్యమములో చెరసాలకు పోయిరి. తరువాత మద్రాసు చేరి, 1974 ఫిబ్రవరి 11న మరణించువరకు సినిమాలలో పాడిరి. శాస్త్రిగారిని జనులు సాలూరు చిన్నగురువుగారని పిలిచెడివారు.