ఫౌజు లేని పెద్దమనిషి: డాగ్ హామర్‌షెల్డ్

ఐక్యరాజ్య సమితికి సొంత ఫౌజు లేదు. ఉన్నదల్లా చార్టర్ అనే కానూను ఒక్కటే. దాన్నే నమ్ముకొని పనిచేసి, ఆ పనిలోనే ప్రాణం విడిచిన ఒక పెద్దమనిషి సంగతి ఇక్కడ చెప్పుకుందాము.

డాగ్ హామర్‌షెల్డ్ 1905లో స్వీడన్ దేశంలో పుట్టినారు. తండ్రి ఆ దేశానికి ప్రధానమంత్రిగా చేసినవారు. కుమారుడు న్యాయశాస్త్రము, అర్థశాస్త్రము చదివి సర్కారు కొలువులో పైకి వచ్చినారు. 1953లో సమితి ప్రధాన కార్యదర్శి అయినారు.

1956లో ఈజిప్టు నాయకుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేసినారు. అక్టోబరు ఆఖరులో ఇజ్రాయిల్, దాని వెనకే బ్రిటన్, ఫ్రాన్సు ఈజిప్టుపై పడ్డాయి. భద్రతా మండలిలో తీర్మానం పెడితే బ్రిటన్, ఫ్రాన్సులే వీటో చేశాయి. ముద్దాయే జడ్జి కుర్చీలో కూర్చున్నట్టయింది. అప్పుడు వ్యవహారం వీటో చెల్లని జనరల్ అసెంబ్లీకి వెళ్లింది. శాంతి సేన పంపుదామని కెనడా మంత్రి పియర్సన్ సూచించినారు. దానికి నియమాలు హామర్‌షెల్డ్ గారు కొద్ది రోజుల్లోనే తయారు చేసినారు. ఆ సేన గెలవడానికి కాదు, మధ్యలో నిలబడడానికి. ఈజిప్టు ఒప్పుకోనిదే అక్కడ కాలు పెట్టరాదు. మండలి శాశ్వత సభ్యదేశాల సిపాయిలు అందులో ఉండరాదు. మన భారత జవాన్లు కూడా అందులో పనిచేసినారు. అమెరికా ఒత్తిడి కూడా తోడై, 1957 మార్చి నాటికి దాడి చేసినవారంతా వెనక్కి పోయారు.

1960లో కాంగోలో గొడవలు లేచాయి. రష్యా నాయకుడు క్రుశ్చేవ్ ఈయన దిగిపోవాలని, ఒక్కరి బదులు ముగ్గురిని పెట్టాలని పట్టుబట్టినారు. ఈయన దిగలేదు. సమితి అవసరం పెద్ద రాజ్యాలకు కాదు, చిన్న దేశాలకే అని సభలో జవాబు చెప్పినారు. అయితే 1961 జనవరిలో పదవి పోయిన ప్రధాని లుముంబా హత్య అయినప్పుడు, దేశంలో ఉండి కూడా సమితి సేన కాపాడలేకపోయింది. ఆ నింద ఆయన మీద నేటికీ ఉంది.

అదే ఏడాది సెప్టెంబరులో కటాంగా పోరు ఆపించే మాటలకోసం పోతుండగా, నేటి జాంబియాలోని ఎన్డోలా దగ్గర అర్ధరాత్రి విమానం కూలింది. ఆయనతో పాటు 15 మంది పోయారు. ఆ ఏటి నోబెల్ శాంతి బహుమతి ఆయన మరణించాక ప్రకటించారు. విమానం ఎట్లా కూలిందో నేటికీ తేలలేదు. 2015 నుంచి ఈ విషయం పరిశీలించిన టాంజానియా జడ్జి మహమ్మద్ చాందే ఉస్మాన్ గారు, కొన్ని రాజ్యాలు తమ రికార్డులు పూర్తిగా ఇవ్వలేదని రాసినారు.

ఐదు రాజ్యాల వీటో ఇవాళ కూడా అట్లాగే ఉంది. మండలిని మార్చాలనే మాట ఎన్నో ఏళ్లుగా నడుస్తూనే ఉంది. మార్పు వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదని, ఉన్న కానూనుతోనే బలహీనుడి పక్షాన నిలబడవచ్చని 1956 చూపించింది. లా చదివే మన పిల్లలు ఈయన జీవితం తెలుసుకోవాలని మేము కోరుతున్నాము.