వడ్రంగి చేసిన ఓడ గడియారము

ఇంగ్లండు దేశమున యార్కుషైరు మండలమందలి ఫౌల్బీ గ్రామమున 1693వ సంవత్సరమున జాన్ హారిసన్ జన్మించెను. తండ్రి వడ్రంగి. కుమారుడును ఆ పనియే నేర్చెను. పాఠశాల చదువు అంతగా లేదు. అయితే ఒక మతగురువు, కేంబ్రిడ్జి ఆచార్యుడగు శాండర్సను ఉపన్యాసముల వ్రాతప్రతిని ఆయనకు ఎరువిచ్చెను. హారిసన్ దానిని పటములతో సహా తన చేతితో నకలు వ్రాసికొనెను. అట్టి పాఠకుడు ఏ గ్రంథాలయమునకైనను గర్వకారణమే.

1713లో, ఇరువదియేండ్ల ప్రాయమున, ఆయన తొలి గడియారము చేసెను. చక్రములు కూడ కొయ్యవే. కొయ్య తడికి ఉబ్బుననియు, ఎండకు కుంచించుకొనుననియు మన వడ్రంగులకు చెప్పనక్కరలేదు. ఆనాటి నూనె చిక్కబడి గడియారములను చెరచుచుండెను. అందుచేత 1722 ప్రాంతమున బ్రాక్లెస్బీ యందలి ప్రభువుగారి అశ్వశాలకు చేసిన గడియారమున, తనలోనే జిడ్డుగల చేవకఱ్ఱను రాపిడి కలుగు చోట్ల అమర్చెను. నూనె చుక్క అక్కరలేని ఆ గడియారము నేటికిని నడచుచున్నది.

అప్పటి నావికులకు నడిసముద్రమున తూర్పు పడమరలుగా తామెంత దూరము వచ్చితిమో తెలియకుండెను. 1707లో సిల్లీ దీవుల రాళ్లకు తగిలి నాలుగు యుద్ధనౌకలు మునిగి, వేయిమందికి పైగా మరణించిరి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును గనుక, బయలుదేరిన రేవు కాలమును తప్పక చూపు గడియారమున్నచో ఓడ ఉనికిని లెక్కింపవచ్చును. నాలుగు నిమిషములు తప్పినచో ఒక డిగ్రీ తప్పును. అర డిగ్రీలోపల తెలుపు ఉపాయమునకు 20,000 పౌనులు ఇత్తుమని 1714లో శాసనము చేసిరి.

హారిసన్ మొదటి ఓడ గడియారము 1736లో లిస్బనుకు పోయివచ్చెను. తిరుగుప్రయాణమున అధికారులు ఒక తీరమును మరియొకటిగా భ్రమింపగా ఆయన లెక్కయే నిజమయ్యెను. అయినను, బహుమానపు సంఘము ఎదుట నిలిచి తన యంత్రములోని లోపములను తానే చెప్పి, ఇంకొకటి చేయుటకు గడువు కోరెను. రెండవదానిలో దోషము కనిపెట్టి దానిని సముద్రమునకే పంపలేదు. మూడవదానిపై పందొమ్మిదేండ్లు శ్రమించెను. తుదకు ఆ పెద్ద యంత్రముల మార్గమునే విడిచి, అయిదంగుళముల వెడల్పుగల, జేబు గడియారము వంటి గడియారమును 1759లో ముగించెను.

1761లో కుమారుడు విలియం దానిని జమైకాకు గొనిపోయెను. 81 దినములలో అది అయిదు సెకండ్లు మాత్రమే వెనుకబడెను. సంఘమువారు ఇది అదృష్టమేమో యనిరి. 1764లో బార్బడోసు ప్రయాణమునను అది నెగ్గెను. అప్పుడు, విప్పి చూపవలెననియు, ఇతరులును చేయగలరని రుజువు కావలెననియు పట్టుపట్టిరి. ఈ ప్రశ్న అన్యాయమైనది కాదని నా తలంపు. ఒక్కని వ్రేళ్లయందే నిలిచిన నేర్పు నౌకాదళమునంతటిని కాపాడజాలదు. కాని డెబ్బదియేండ్ల వృద్ధుని అడుగడుగునకు క్రొత్త నిబంధనలతో విసిగించుట మాత్రము క్షమింపరానిది. 1765లో విప్పి చూపగా సగము ధనమిచ్చిరి.

లార్కం కెండాల్ అను పనివాడు దానికి అచ్చమైన ప్రతి చేసెను. కెప్టెన్ కుక్ 1772 నుండి 1775 వరకు దానిని దక్షిణసముద్రముల త్రిప్పి మిక్కిలి మెచ్చెను. ఈలోగా మూడవ జార్జి రాజు హారిసన్ అయిదవ గడియారమును స్వయముగా పరీక్షించి ఆయన పక్షము వహించెను. 1773లో పార్లమెంటు 8,750 పౌనులిచ్చెను. 1776 మార్చి 24వ తేదీన ఆయన మరణించెను.

ఆయన మొదటి నాలుగు ఓడ గడియారములు గ్రీనిచ్చి యందు కలవు. నూనె అక్కరలేని మొదటి మూడింటిని నడుపుదురు. నూనెతో నడచు నాలుగవది అరిగిపోవునను భయమున దానికి కీ ఇయ్యరు.