శ్రీ మల్లికార్జున పండితారాధ్యులు: పుట్టినింటి ఆచారము, పెరిగిన భక్తి

వీరశైవ గృహములందు బిడ్డ పుట్టిన కొలది దినములకే లింగధారణము జరుగును. మాట రాకముందే నుదుటికి విభూతి వచ్చును. నడక రాకముందే జంగమ పాదములు పరిచితములగును. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడైన పిమ్మట, తన మెడలోని లింగము తల్లిదండ్రులు కట్టినది మాత్రమేనా, లేక తాను తెలిసి ధరించినదా అను ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురుగాక మానదు. ఇంటి ఆచారమును అట్లే నిలుపుకొనినవానిది వట్టి అలవాటనియు, దానిని కాదని వెడలినవానిదే నిజమైన నమ్మకమనియు తలచుట సులభము. పండ్రెండవ శతాబ్దికి చెందిన ఒక మహనీయుని జీవితము ఆ తలంపును నిలువనీయదు.

వికారాబాదు జిల్లాలోని బొంరాస్‌పేట ప్రాంతమువారికి ఆ జీవితము ప్రత్యేకముగా ఎన్నదగినది. కొడంగల్, తాండూరు తాలూకాలు 1956 వరకు గుల్బర్గా జిల్లాలోనివి. ఈ సీమకు వాయవ్యమున బసవకల్యాణము, ఆగ్నేయమున శ్రీశైలము. ఇచ్చటి లింగాయత కుటుంబములకు కన్నడదేశముతో వియ్యములు గలవు; తెలుగుదేశముతోను గలవు. అందుచే బసవేశ్వరుని మార్గము నెరిగిన ఇండ్లవారు, లింగముతోపాటు యజ్ఞోపవీతమును గూడ ధరించు తెలుగు ఆరాధ్యులను చూచి, ఇదెట్టి వీరశైవమని విస్తుపోవుట కలదు. ఆ సంప్రదాయమునకు పెద్దదిక్కు మల్లికార్జున పండితారాధ్యులు. శ్రీపతి పండితులు, శివలెంక మంచన పండితులు, వీరు కలిసి పండితత్రయముగా ప్రసిద్ధులు.

మల్లికార్జునులు గోదావరీ తీరసీమయందలి ద్రాక్షారామమున శైవ బ్రాహ్మణ కుటుంబమునందు జన్మించిరి. తండ్రి భీమన పండితుడు, తల్లి గౌరాంబ. ద్రాక్షారామము పంచారామములలో ఒకటి. భీమేశ్వరుని ఆలయపు గోడలు, స్తంభములు వందలకొలది శాసనములతో నిండియున్నవి. రాజులు దీపములకు గొఱ్ఱెలను, నైవేద్యమునకు భూములను దానముచేసిన చోటు అది. అట్టి ఊరిలో పెరిగిన బాలునికి శివుడు వెదకి కనుగొనవలసినవాడు కాడు. ఇంటి గడప దాటినచో ఎదుటనే ఉన్నవాడు. వేదము, శాస్త్రము, ఆగమము, పురాణము చిన్ననాడే నేర్పబడెను. కోటిపల్లి ఆరాధ్యదేవర యొద్ద శివదీక్ష లభించెను. తల్లిదండ్రుల యిష్టమునకు, కుమారుని చదువునకు ఎచ్చటను వైరుధ్యము కనబడదు.

ఇదే కాలమున కన్నడదేశమందలి బాగేవాడిలో మాదిరాజు, మాదాంబ అను దంపతుల యింట పెరిగిన బసవేశ్వరుని బాల్యము వేరొక తీరున సాగెను. అదియును బ్రాహ్మణ గృహమే, అచ్చటను శివభక్తియే. కాని ఉపనయన సమయమున ఆ బాలుడు తండ్రితో వాదించి, కర్మబంధమైన ఆ సూత్రము తనకు వలదని నిరాకరించి, ఇల్లు విడిచి కూడలసంగమము చేరినట్లు చరిత్రకారులును పురాణకర్తలును చెప్పుదురు. అక్క నాగాంబ ఆయనకు తోడుగా నిలిచెను. పుట్టినింటి నమ్మకమును పరీక్షించి త్రోసివేసిన ధైర్యమది. దాని గొప్పతనము ఈ పత్రిక పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

పండితారాధ్యులు త్రోసివేయలేదు. అయితే ఆయన పరీక్షింపలేదని అనుట తగదు. పరీక్షించిరనుటకు ఆయన రచించిన శివతత్త్వసారమే సాక్షి. ఈ గ్రంథము చిరకాలము మరుగుపడి, ఇరువదవ శతాబ్ది మొదటి పాదమున కొమర్రాజు లక్ష్మణరావు గారి కృషివలన వెలుగు చూచెను. దొరికిన కందపద్యములు ఐదువందలకు కొంచెము తక్కువ. పెక్కు పద్యములు శివుని ఎదుట నిలిచి సంబోధించినట్లుండును. తెలుగున శతకరీతికి ఇది తొలి అడుగని పండితులు తలచిరి. అందు ఆయన తానే బ్రహ్మమను అద్వైతులతో వాదించెను, కర్మయే ఫలమిచ్చునను మీమాంసకులతో వాదించెను, దేవుడే లేడను చార్వాకులతో వాదించెను. ఇంటిలో విన్నదానిని మరల చెప్పుటతో తృప్తిపడినవాడు ఇంతమందితో వాదమునకు దిగడు. సేవించువాడు, సేవింపబడువాడు వేరుగా నుండనిదే భక్తికి తావెక్కడిదని ఆయన వాదపు సారము. చిన్ననాడు చేతికిచ్చిన వేదశాస్త్రములనే ఆయుధములుగా చేసికొని, ఆ శాస్త్రములను చదివినవారి గర్వముతోనే పోరాడెను. కర్మనిష్ఠతో గర్వించు బ్రాహ్మణునికంటె శివభక్తుడు, ఏ కులమువాడైనను, అధికుడని నిలిపెను.

అయినను యజ్ఞోపవీతమును తీయలేదు. ఎందుచేత? దీనికి సమాధానముగా ఆయనదని లోకమున ప్రచారమందున్న పద్యమొకటి కలదు. అది బసవేశ్వరుని సంబోధించి చెప్పినది. భక్తిమీద తనకుగల ప్రేమను, బ్రాహ్మణ్యముతో తనకుగల పొత్తును, రెండింటిని విడువజాలకున్నానని దాని తాత్పర్యము. ఇందు వాదము లేదు, సమర్థింపు లేదు. వాదములో మేటియైన పండితుడు ఈ ఒక్క చోట శాస్త్రప్రమాణమును తీయక, తన మనసు ఉన్నది ఉన్నట్లు చెప్పుట గమనింపదగినది. బసవని మార్గము తప్పని ఆయన అనలేదు. తన మార్గము మేలనియు అనలేదు.

ఆ పెంపకమునుండి పాండిత్యముతోపాటు ఒక కాఠిన్యము గూడ ఆయనకు సంక్రమించెనేమో అనిపించును. శివనిందకులు వధార్హులని శివతత్త్వసారము చెప్పుచున్నది. ఆ మాట పుస్తకమునకే పరిమితము కాలేదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున వర్ణించిన చందవోలు కథ ప్రసిద్ధమే. నేటి బాపట్ల జిల్లాలోని చందవోలు ఆనాడు వెలనాటి చోళుల రాజధాని. అచ్చటి రాజసభలో పండితారాధ్యులు బౌద్ధాచార్యునితో వాదించి జయించిరి. పిదప ఆయన శిష్యులు ఆ బౌద్ధుని వధించిరి. రాజు కోపించి పండితారాధ్యుల కన్నులు పెరికించెను. శివానుగ్రహమున ఆ కన్నులు మరల వచ్చెననియు, రాజు శాపగ్రస్తుడయ్యెననియు కథ. సోమనాథుడు దీనిని భక్తిమహిమగా చెప్పెను. వాదమున గెలిచిన పిమ్మట ప్రతివాది ప్రాణము తీయుట ఏ మహిమయు కాదని నేటి భక్తుడు నిస్సంకోచముగా అనవచ్చును. దయయే ధర్మమునకు మూలమని బోధించిన బసవేశ్వరుని అనుయాయులకు ఆ మాట అనుటలో వెనుకాడవలసిన పని లేదు. పెద్దలనుండి భక్తిని స్వీకరించువారు వారి ఆగ్రహమును గూడ స్వీకరింపనక్కరలేదు గదా.

ఆ జీవితము చివరిభాగము మిక్కిలి హృదయస్పర్శి. కల్యాణమున బసవేశ్వరుడు నెలకొల్పిన శరణసమూహపు కీర్తి తెలుగుదేశమున వ్యాపించుచుండెను. జన్నిదము తీసినవారు, మొదటినుండి అది లేనివారు, చెప్పులు కుట్టువారు, బట్టలుతుకువారు, పడవ నడుపువారు ఒక్క పంక్తిని కూర్చుండి లింగపూజ చేయుచున్నారన్న వార్త ద్రాక్షారామపు పండితుని చెవి సోకెను. తాను చేయలేనిదానిని చేసినవానిని చూచి అసూయపడుట, లేదా అతనిలో దోషములు వెదకుట లోకరీతి. పండితారాధ్యులు అట్లు చేయక, బసవని కన్నులార చూడవలెనని శిష్యులతో బయలుదేరిరి. ఆయనకు అప్పటికే ఎందరో శిష్యులు, దేశమంతట పేరు. గురుస్థానమున నున్నవాడు తనకు భిన్నమైన ఆచారముగలవానిని సేవింప పోవుట సామాన్యము కాదు.

కాని ఆ దర్శనము జరుగలేదు. కల్యాణమున అల్లకల్లోలము చెలరేగెను, 1167 ప్రాంతమున బిజ్జలుని కాలము ముగిసెను, శరణులు చెల్లాచెదరైరి. బసవేశ్వరుడు కూడలసంగమమున లింగైక్యము నొందెనను వార్త పండితారాధ్యులకు మార్గమధ్యముననే తెలిసెను. సోమనాథుడు వర్ణించిన ఆ శోకము చదువరుల కన్నులు చెమ్మగిల్లజేయును. ఎన్నడును చూడని మనుజునికొరకు, తాను విడువలేనిదానిని విడిచినవానికొరకు, మహాపండితుడు తండ్రిని పోగొట్టుకొన్న బిడ్డవలె విలపించెను. అటుపిమ్మట ముందుకు సాగుటకు మనసొప్పలేదు. ఆయన శ్రీశైలమువైపు మరలెను. పుట్టినపుడు తల్లిదండ్రులు ఏ దేవుని పేరు పెట్టిరో ఆ మల్లికార్జునుని సన్నిధియందే లింగైక్యము నొందెను.

ఈ కథను మనకు అందించిన సోమనాథుడు వరంగల్లు సమీపమందలి పాలకుర్తికి చెందినవాడు. మొదట బసవపురాణమును రచించెను. 1369లో భీమకవి దానిని కన్నడమున వ్రాసెను. పిదప ఐదు ప్రకరణముల పండితారాధ్య చరిత్రమును అదే ద్విపద ఛందమున రచించెను. తరువాతి కాలమున శ్రీనాథుడును పండితారాధ్య చరిత్ర మొకటి రచించెను గాని అది నేడు లభింపకున్నది. కర్మఠులపై సోమనాథుని కలము ఎంత పదునైనదో ఆయన గ్రంథములు చదివినవారికి తెలియును. అట్టివాడు జన్నిదము తెంచినవాని చరిత్రను, ఉంచుకొన్నవాని చరిత్రను సమానమైన భక్తితో వ్రాసెను. రెండవ గ్రంథమున మొదటి నాయకుని పేరు తలచునపుడెల్ల నమస్కరించెను.