గవర్నరు జాన్ ఎవాన్స్

శతజయంతి దినములలో సంఘస్థాపకులను కొనియాడుట వాడుక. మేము ఒక అమెరికా మెథడిస్టు పెద్ద జీవితమును మంచిచెడ్డలు రెండింటితో వ్రాయదలచితిమి.

జాన్ ఎవాన్స్ 1814లో ఒహాయోలో క్వేకరు కుటుంబమున జన్మించిరి. వైద్యులు. షికాగోలో భూముల మీదను, రైలుమార్గముల మీదను ధనము గడించిరి. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ స్థాపకులలో ఒకరు. ఎవాన్‌స్టన్ పట్టణమునకు ఆయన పేరే పెట్టిరి. 1862లో అధ్యక్షుడు లింకన్ ఆయనను కొలరాడో ప్రాంతమునకు గవర్నరుగా పంపిరి. 1864లో డెన్వరులో సెమినరీ స్థాపించిరి. అదియే నేటి డెన్వర్ విశ్వవిద్యాలయము.

ఆ ఏడే ఆగస్టులో, శత్రువులైన ఆదివాసులను వెంటాడి చంపుటకు పౌరులకు అధికారమిచ్చుచు ఆయన ప్రకటన వెలువరించిరి. సెప్టెంబరులో షయాన్, అరాపహో పెద్దలు సమాధానము కోరి డెన్వరుకు వచ్చిరి. ఆ సంగతి సైన్యమే చూచుకొనవలెనని గవర్నరు తప్పుకొనిరి. నవంబరు 29న శాండ్ క్రీక్ వద్ద విడిది చేసియున్న ఆ జనుల మీద సైనికులు పడి సుమారు 230 మందిని చంపిరి. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. ఎవాన్స్ ఆనాడు అచట లేరు, నిజమే. కాని దాడి నడిపిన చివింగ్టన్ మునుపు మెథడిస్టు బోధకుడు. బోధకులమైన మాకిది మింగుడుపడదు.

1865లో ఎవాన్స్ పదవి వదలవలసి వచ్చెను. పలుకుబడి మాత్రము తగ్గలేదు. ఆయన పూనికతో 1870లో డెన్వరుకు రైలు వచ్చెను. 1897లో గౌరవముగానే మరణించిరి. కొలరాడోలోని ఒక మహాపర్వతమునకు ఆయన పేరిడిరి.

శాండ్ క్రీక్ విషయమై మెథడిస్టు మహాసభ క్షమాపణ కోరినది 1996లో. ఆ పాత ప్రకటన రద్దయినది 2021లో. 2023లో ఆ పర్వతమునకు ఎవాన్స్ పేరు తీసి బ్లూ స్కై అని పెట్టిరి.