మహనీయుల జీవితాలు: ప్రశాంత చంద్ర మహలనోబిస్

మన లెక్కల పుస్తకంలో సగటు, మధ్యగతం, బాహుళకం అని ఒక పాఠం ఉంది కదా. అదే సాంఖ్యక శాస్త్రం, అంటే స్టాటిస్టిక్స్. ఒకప్పుడు మన దేశంలో దీన్ని విడిగా ఎం.ఎ. చదువుదామన్నా వీలు లేదు. ఆ లోటు తీర్చిన పెద్దాయనే మహలనోబిస్ గారు.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. ఫిజిక్సు చదవడానికి ఇంగ్లండు వెళ్ళారు. 1915లో తిరిగి వచ్చేటప్పుడు యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీలో కేంబ్రిడ్జి లైబ్రరీలో బయోమెట్రికా అనే పత్రిక కంటపడింది. దాని సంచికలు కొనుక్కుని ఓడలో చదువుకుంటూ వచ్చారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు చెబుతూనే ఈ కొత్త విద్యను సొంతంగా నేర్చుకున్నారు.

ఈ లెక్కలు ఎందుకు పనికొస్తాయి అంటారా? 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగు మేట వేసి పైకి లేచింది, గట్లు ఎత్తు చేయాలి అన్నారు ఇంజనీర్లు. మహలనోబిస్ గారు సుమారు 60 ఏళ్ళ వాన లెక్కలు, నీటి లెక్కలు ముందేసుకుని కూర్చున్నారు. నది అడుగు లేవలేదు, ఎగువన కురిసిన అధిక వర్షమే కారణమని తేల్చారు. కారణం తప్పుగా పట్టుకుంటే ఎంత గట్టు కట్టినా ఊళ్ళు మునగక తప్పదు.

1931లో ఆయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. కాలేజీలో ఫిజిక్సు విభాగంలోనే మొదలైంది. మొదటి ఏడాది ఖర్చు 238 రూపాయలు!

బెంగాల్‌లో జనపనార ఎంత పండిందో తెలియాలంటే అన్ని పొలాలూ కొలవాలా? అక్కర్లేదు. డేగిసాలో అన్నం ఉడికిందో లేదో మన వంటమనిషి నాలుగు మెతుకులు పట్టి చూస్తాడు. కాని పైమెతుకులే చూస్తే మోసపోతాం, అడుగునా అంచునా కూడా చూడాలి. అలాగే ఆయన ఏ వైపూ మొగ్గకుండా కొన్ని పొలాలు ఎంచి లెక్క కట్టించారు. 1950లో మొదలైన జాతీయ శాంపిల్ సర్వేకు కూడా ఆయనే మూలపురుషుడు.

కొత్తగా వచ్చినవాళ్ళను చేరదీసి నేర్పించడం ఆయన గొప్పతనం. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి. ఆర్. రావు గారు ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళి, 1941లో ఆ సంస్థలో శిక్షణకు చేరారు. అదే ఏడాది మహలనోబిస్ గారి పూనికతో కలకత్తా యూనివర్సిటీలో సాంఖ్యక ఎం.ఎ. మొదలైతే మొదటి బ్యాచిలో చదివారు. తర్వాత ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. 2023లో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

1959లో పార్లమెంటు చట్టం చేసి ఆ సంస్థకు డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చింది. 1960లో బి.స్టాట్. కోర్సు వచ్చింది. ఫీజు కట్టలేని పిల్లలు కూడా ఎందరో స్టైపెండుతో అక్కడ చదువుకున్నారు.

మహలనోబిస్ గారు 1972 జూన్ 28న చనిపోయారు. 2007 నుంచి ఆయన పుట్టినరోజును జాతీయ గణాంక దినంగా జరుపుతున్నారు.

మిత్రులారా! లెక్కలు రావని ఇంటర్లో ఆ గ్రూపు వదిలేయకండి. తెలియనిది స్టడీ అవర్లో పై తరగతి అన్నల్ని అడగండి. వార్డెన్ సారుకు ఒక మనవి: వారానికి ఒక్క రాత్రి లెక్కలకు విడిగా కేటాయించండి సార్. మన హాస్టల్ నుంచి కూడా ఒకరు కలకత్తా వెళ్ళాలి.