ఖండముల నడకను కొలువబూనిన ఆల్ఫ్రెడ్ వెగెనరు

తరగతి గోడపై వ్రేలాడు ప్రపంచ పటమును శ్రద్ధగా చూచిన బాలబాలికలు ఒక సంగతిని కనిపెట్టియే యుందురు. దక్షిణ అమెరికా తూర్పు తీరపు ఉబ్బు ఆఫ్రికా పడమటి తీరపు నొక్కులో చక్కగా ఇమిడిపోవునట్లున్నది. ఈ రెండును ఒకప్పుడు కలసియుండెనా యని మమ్మడిగిన పిల్లలు కలరు. మేము బోధించునది తెలుగు. భూగర్భశాస్త్రము మా విద్య కాదు. అయినను ఈ ప్రశ్నను పట్టుకొని ఇరువది యేండ్లు విడువని ఆల్ఫ్రెడ్ వెగెనరు చరిత్రమును మా పిల్లలకును వారి తల్లిదండ్రులకును వినిపింపవలెనని మాకు చిరకాలముగా కోరిక గలదు.

వెగెనరు 1880వ సంవత్సరము నవంబరు 1వ తేదీన జర్మనీ దేశమున బెర్లిను నగరములో జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు, ఉపాధ్యాయుడు. వెగెనరు 1905లో ఖగోళశాస్త్రమున డాక్టరు పట్టము పొందెను గాని, ఆయన మనస్సు నక్షత్రములను విడిచి గాలిమీదికి దిగెను. గాలిపటములకును బెలూనులకును పరికరములు కట్టి పైకి పంపి, వాయుమండలపు వేడిమిని, ఒత్తిడిని కొలుచుట ఆనాడు క్రొత్త విద్య. 1906 ఏప్రిలులో అన్నయగు కుర్టుతో కూడి బెలూనులో 52 గంటలకు పైగా ఎడతెగక పయనించి, అంతవరకు లోకమున ఎవ్వరును సాధింపని ఘనతను గడించెను. ఆ యేడే డేనిషు బృందముతో గ్రీన్లాండు చేరి రెండేండ్లు మంచులో గడపెను. ఆ బృందపు నాయకుడును మరి యిద్దరును అచ్చటనే ప్రాణములు విడిచిరి. అది చూచియు వెగెనరు గ్రీన్లాండును విడువలేదు. మరి మూడు పర్యాయములు వెళ్ళెను.

1910లో ఒక క్రొత్త భూగోళ పటమును త్రిప్పుచుండగా, మన పిల్లలకు తోచిన సంగతియే ఆయనకును తోచెను. మరుసటి యేట శిలాజములనుగూర్చి చదివిన పిమ్మట ఆ తలంపు గట్టిపడెను. గ్లోసోప్టెరిస్ అను ప్రాచీన వృక్షపు ఆకుల గుర్తులు భారతదేశమునను, ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను గలవు. మహాసముద్రములను దాటి ఆ చెట్టు ఎట్లు వ్యాపించెను? నేలలే కలసియుండి పిదప విడిపోయెనని వెగెనరు ఊహించెను. మన సింగరేణి బొగ్గును ఆ కాలపు గోండ్వానా శిలలలోనిదే. ఆయన 1912 జనవరి 6వ తేదీన ఫ్రాంక్‌ఫర్టులో ఈ సిద్ధాంతమును ప్రకటించెను. ప్రపంచయుద్ధమున రెండుసార్లు గాయపడి, సెలవులో నున్నప్పుడు గ్రంథమును వ్రాసి 1915లో వెలువరించెను. 1924లో ఆంగ్లానువాదము వచ్చువరకు జర్మను భాష నెరుగని పండితులలో చాలమందికి అది చేరలేదు.

చేరిన పిదప చెలరేగిన ఆక్షేపణ లింతింత కాదు. వాతావరణము చూచుకొనువాడు రాళ్ళ జోలికి రానేల యని కొందరు ఈసడించిరి. మా అభిప్రాయమున ఇది ఆక్షేపణయే కాదు. కాని ఖండములను కదలించు శక్తి యేది యను ప్రశ్న న్యాయమైనది. వెగెనరు చూపిన శక్తులు ఆ పనికి మిక్కిలి చాలనివని లెక్కలు తేల్చెను.

కారణము తెలియకున్నను కదలికను కొలిచి చూపవచ్చును గదా! ఇదియే వెగెనరు ఆశ. భూమి 4 నిమిషములకు 1 డిగ్రీ తిరుగును. కావున ఒక స్థలపు రేఖాంశమును కనుగొనుటయన్న కాలమును కొలుచుటయే. ఈశాన్య గ్రీన్లాండు రేఖాంశమును 1823లోను, 1870లోను, 1907లోను కొలిచియుండిరి. ఆ యంకెలను పోల్చి, 1870 తరువాత గ్రీన్లాండు ఏటికి 30 మీటర్లకు పైగా పడమరకు జరుగుచున్నదని ఆయన తేల్చెను. కాని చంద్రుని గమనమునుబట్టి కాలము గుణించిన ఆ పాత కొలతలు నమ్మదగినవి కావు. ఆ ప్రాంతమున ఒక్క సెకను తప్పినచో స్థలము సుమారు 120 మీటర్లు తప్పును. నేడు అమెరికా, ఐరోపాలు ఏటికి సుమారు 2 సెంటీమీటర్లు మాత్రమే దూరమగుచున్నవని తెలియును. గోరు పెరుగునంత వేగము! కదలిక నిజము, ఆయన చూపిన కొలత దానికి వేయిరెట్లు మించినది.

సరియైన కొలత కుపగ్రహములు రావలసివచ్చెను. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోను, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలోను నేలపై నిలిపిన జీ.పీ.ఎస్. గ్రాహకములు ఉపగ్రహ సంకేతములను అందుకొని, మన నేల ఏటికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యముగా సాగుచున్నదని చూపినవి. ఇచ్చట వెగెనరునకు ప్రియమైన గాలియే అడ్డుపడును. సంకేతము గాలిలో ఆలస్యమగుటచే, నడినెత్తిన నున్న ఉపగ్రహము సైతము రెండు మీటర్లకు పైగా ఎక్కువ దూరమున నున్నట్లు తోచును. ఆ ఆలస్యమును లెక్కింపక భూమి కదలిక తెలియదు; లెక్కించినచో గాలిలోని నీటియావిరి యెంతయో కూడ తెలియును. ఒకే కొలతలో నేలయు, గాలియు! 2015 ఏప్రిలు 25వ తేదీ నేపాలు భూకంపమున ఖాట్మండు పరిసరముల నేల సుమారు ఒక మీటరు పైకి లేచినట్లు ఉపగ్రహముల రేడారు చిత్రములు తెలిపినవి.

వెగెనరు ఇవేవియు చూడలేదు. 1930లో నాలుగవ పర్యాయము గ్రీన్లాండు వెళ్ళి, తీరమునుండి 400 కిలోమీటర్ల లోపల మంచు నడుమ ఒక పరిశీలన కేంద్రము నెలకొల్పెను. శీతకాలమంతయు గాలిని కొలుచుటకు అచ్చట ఇరువురు నిలిచిరి. వారికి సామగ్రి చాలదని, సెప్టెంబరు 21వ తేదీన తన సహచరుడు లోవెతోను, 13 మంది గ్రీన్లాండు వాసులతోను కుక్కబండ్లపై బయలుదేరెను. చలికి తాళలేక 12 మంది వెనుదిరిగిరి. రస్మస్ విల్లుమ్సన్ అను యువకుడు మాత్రము విడువక వెంటవచ్చెను. సున్నకు దిగువ 50 డిగ్రీలు దాటిన చలిలో ముగ్గురును అక్టోబరు 30వ తేదీన కేంద్రము చేరిరి. లోవె కాలివ్రేళ్ళు గడ్డకట్టి పాడగుటచే అచ్చటనే చాకుతో కోసివేయవలసివచ్చెను.

తాముకూడ నిలిచినచో తిండి చాలదు. నవంబరు 1వ తేదీన, తన యేబదియవ జన్మదినమున, వెగెనరు రస్మస్‌తో తీరమునకు మరలెను. మరల ఎవ్వరును వారిని ప్రాణములతో చూడలేదు. 1931 మే 12వ తేదీన దారిలో సుమారు సగము దూరమున, మంచులో నిలిపిన ఆయన స్కీలు అగపడెను. క్రింద దేహము శ్రద్ధగా పూడ్చబడియుండెను. అది రస్మస్ చేసిన పని. మిత్రులు ఆ దేహమును అచ్చటనే మంచులో ఉంచిరి. వెగెనరు దినచర్య పుస్తకమును రస్మస్ వెంట తీసుకొనిపోయెనని తలంతురు. అతని జాడ గాని, ఆ పుస్తకము గాని దొరకలేదు.