మంత్రానికి హద్దు గీసిన గ్యారీ గైగాక్స్

మన జానపద కథల్లో మాంత్రికుడు ఎన్నిసార్లు మంత్రం వేసినా అలసిపోడు. కథలో అది బాగానే ఉంటుంది. కానీ నలుగురు కలిసి ఆడే ఆటలో ఒకరు అలాంటి మాంత్రికుడైతే, కత్తి పట్టుకున్న స్నేహితుడికి ఇక పనేముంటుంది? ఈ చిక్కును విప్పడానికి నియమాలు రాసిన వ్యక్తి గ్యారీ గైగాక్స్.

ఆయన 1938 జూలై 27న అమెరికాలోని చికాగోలో జన్మించారు. తండ్రి స్విట్జర్లాండ్ నుండి వలస వచ్చిన వయొలిన్ విద్వాంసుడు. 1946లో ఆ కుటుంబం లేక్ జెనీవా అనే చిన్న ఊరికి మారింది. గ్యారీకి చదరంగమన్నా, కథల పుస్తకాలన్నా ప్రాణం. కానీ హైస్కూలు చదువు మధ్యలోనే ఆగిపోయింది. 1956లో తండ్రి మరణించారు. తరువాత బీమా కంపెనీలో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో బొమ్మ సైనికులతో ఆడే యుద్ధపు ఆటలకు నియమాలు రాసేవారు.

1970లో ఉద్యోగం పోయింది. కుటుంబ పోషణకు ఇంట్లోనే బూట్లు బాగుచేసే పని చేపట్టారు. మిత్రులారా, ప్రపంచమంతా ఆడిన ఆట ఆ చేతులతోనే తయారైంది! 1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి 'చెయిన్‌మెయిల్' అనే నియమాల పుస్తకం తెచ్చారు. తరువాత డేవ్ ఆర్నెసన్‌తో కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' రూపొందించారు. 1973లో చిన్ననాటి స్నేహితుడు డాన్ కేతో కలిసి సొంత సంస్థ పెట్టి, 1974లో మొదటి 1000 పెట్టెలు అచ్చువేశారు.

ఇందులో ఒక్కో ఆటగాడు ఒక్కో పాత్ర ధరిస్తాడు. యోధుడు, మతగురువు, మాంత్రికుడు అని మొదట మూడే తరగతులు. మంత్రాల పద్ధతిని గైగాక్స్ జాక్ వాన్స్ అనే రచయిత కథల నుండి తీసుకున్నారు. మాంత్రికుడు ముందుగా మంత్రం కంఠస్థం చేయాలి. ఒకసారి ప్రయోగిస్తే అది మనసులోంచి చెరిగిపోతుంది, మళ్లీ చదవాలి. పరీక్ష రాయగానే మనం మరచిపోయే జవాబు లాంటిదే!

మొదటి స్థాయిలో మాంత్రికుడికి దక్కేది ఒకే ఒక్క మంత్రం. కవచం తొడగకూడదు, కత్తి పట్టకూడదు. 1978 నాటి పుస్తకంలో యోధుడి ప్రాణబలానికి 10 ముఖాల పాచిక వేస్తే, మాంత్రికుడికి 4 ముఖాలదే. రెండో స్థాయి చేరడానికి యోధుడికి 2,001 పాయింట్లు చాలు, మాంత్రికుడికి 2,501 కావాలి. మంత్రం చదువుతుండగా దెబ్బ తగిలితే ఆ మంత్రం వృథా. అందువల్ల మాంత్రికుడికి యోధుడి అండ, యోధుడికి మాంత్రికుడి సాయం తప్పనిసరి.

అయినా తూకం పూర్తిగా కుదరలేదు. తొలి స్థాయిల్లో మాంత్రికుడు మరీ బలహీనుడు. పై స్థాయిల్లో యోధుణ్ణి దాటిపోతాడు. తరువాతి వారు దీన్ని సరిదిద్దుతూ వచ్చారు. 2008, 2014 నాటి కూర్పుల్లో చిన్న మంత్రాలను ఎన్నిసార్లయినా వాడుకోనిచ్చారు.

ఆటలో తూకం వేసిన ఆయన జీవితంలో మాత్రం తూకం తప్పింది. ప్రతిఫలం విషయమై ఆర్నెసన్ 1979లో కోర్టుకెక్కగా, 1981లో రాజీ కుదిరింది. 1985లో సంస్థపై పట్టు చేజారింది. మరుసటి ఏడు దానిని వదిలి బయటికి వచ్చేశారు. అయినా ఆటలు రాయడం మానలేదు. 2008 మార్చి 4న, 69వ ఏట, లేక్ జెనీవాలోనే కన్నుమూశారు.

డిగ్రీ లేదు, ఆస్తి లేదు, ఉద్యోగం కూడా పోయింది. అయినా కలం వదలలేదు. బలవంతుడికి హద్దు ఉండాలి, బలహీనుడికి ఎదిగే దారి ఉండాలి, ఒంటరిగా ఎవరూ గెలవకూడదు. ఆయన ఆట చెప్పేది ఇదే. ఒకే గదిలో పదిమంది కలిసి బతికే మనకు ఈ నియమం కొత్తదేమీ కాదు.